బస్సులో పోయిన ఫోను: బ్లాక్ చేయిస్తే ఇక జాడ తెలియదా?

ప్రశ్న: మాది ములుగు జిల్లాలో ఒక పల్లె. మహిళా సంఘం లెక్కలు చూస్తుంటాను. పోయిన సోమవారం హన్మకొండ బస్టాండులో ములుగు బస్సు ఎక్కేటప్పుడు విపరీతమైన రద్దీ ఉంది. ఆత్మకూరు దాటిన తర్వాత చూసుకుంటే చేతిసంచికి బ్లేడుతో కోసిన గాటు ఉంది, లోపల ఫోను లేదు. అది కిస్తీల మీద కొన్న ఆండ్రాయిడ్ ఫోను, ఇంకా కిస్తీలు కడుతున్నాను. సిమ్ము హైదరాబాదులో ఉండే మా అన్న పేరు మీద ఉంది. ఒక స్టేషన్‌కు వెళితే బస్సు ఎక్కిన చోటికి పొమ్మన్నారు. ఇంకో చోట, దొంగతనమని కాకుండా పోగొట్టుకున్నానని రాసిస్తే తీసుకుంటామన్నారు. బ్లాక్ చేయిస్తే ఫోను పనికిరాకుండా పోతుంది, ఇక ఎక్కడుందో తెలియదని మా పక్కింటాయన అంటున్నాడు. ఒక మొబైల్ షాపు అతను పదిహేను వందలిస్తే ఐఎంఈఐ నంబరుతో జాడ చెబుతానంటున్నాడు. మా అబ్బాయి వేరే ఫోనులో చూస్తే చివరిసారిగా వరంగల్‌లో ఒక వీధిలో ఉన్నట్టు చూపించింది, అక్కడికి పోయి అడుగుదామంటున్నాడు. ఆరు రోజులైంది. ఏం చేయమంటారు?
(పేరు వద్దన్న పాఠకురాలు)

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో ఫోను గురించి అన్ని వివరాలూ ఉన్నాయి గాని, అందులోని సిమ్మును ఆపించారా లేదా అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. ఇప్పటికీ ఆపించి ఉండకపోతే మిగతాది తర్వాత చదువుకోవచ్చు, ముందు మీ అన్నగారికి కబురు చేసి, ఆ కంపెనీ కస్టమర్ కేర్‌తో మాట్లాడి నంబరును ఆపించమని చెప్పండి. ఫోనుకు తాళం వేసి ఉందన్న ధైర్యం సిమ్ముకు వర్తించదు. దానిని బయటికి తీసి ఇంకో ఫోనులో వేస్తే మీకు రావలసిన ఓటీపీలన్నీ అక్కడికి చేరతాయి. మన బ్యాంకు ఖాతాలు, యూపీఐ, గ్యాసు బుకింగు, ఆధార్ అన్నీ ఆ పది అంకెల నంబరును నమ్ముకొని ఉన్నాయి కనుక, పోయినవాటిలో ఖరీదైనది ఫోను కాదు, సిమ్మే.

సంచిలో ఫోనుతో పాటు ఇంకేమేం ఉన్నాయో కూడా ఒకసారి గుర్తు చేసుకోండి. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి మహిళలు జీరో టికెట్టు కోసం ఆధార్ కార్డును సంచిలోనే ఉంచుకుంటున్నారు. కొందరు దానితో పాటే ఏటీఎం కార్డునూ పెట్టుకుంటారు. యూపీఐ పిన్నును కొత్తగా మార్చాలంటే సిమ్ముతో పాటు డెబిట్ కార్డు వివరాలో ఆధార్ వివరాలో కావాలి. సిమ్ము, కార్డు రెండూ ఒకే దొంగ చేతిలో పడితే అతని పని చాలా తేలికవుతుంది. కాబట్టి కార్డు కూడా పోయి ఉంటే దానినీ ఆపించండి, బ్యాంకుకు చెప్పి ఆ ఖాతా మీద యూపీఐని తాత్కాలికంగా నిలిపివేయించండి.

అటు తర్వాత పాసుపుస్తకం పట్టుకొని బ్యాంకుకు వెళ్లి సోమవారం నుంచి జరిగిన లావాదేవీలు చూపించమని అడగండి. మీకు తెలియకుండా ఎంత చిన్న మొత్తం పోయినా 1930 నంబరుకు ఫోను చేయండి. సైబర్ నేరాల ఫిర్యాదులకు దేశమంతటికీ అదే నంబరు. డబ్బు ఏ ఖాతాలోకి వెళ్లిందో అక్కడ దానిని నిలిపివేయించే ఏర్పాటు అందులో ఉంది గాని, డబ్బు చేతులు మారకముందే ఫిర్యాదు చేరాలి. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కానప్పుడు, లావాదేవీ సమాచారం అందిన మూడు పనిదినాల లోపల బ్యాంకుకు తెలియజేస్తే నష్టం ఖాతాదారు మీద పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య తెలియజేస్తే కొంత పరిమితి వరకు పడుతుంది. ఫోను కవరు వెనక చీటీ మీద పిన్ను రాసి పెట్టుకోవడం వంటి అజాగ్రత్త ఉందని తేలితే, బ్యాంకుకు చెప్పే క్షణం దాకా జరిగిన నష్టమంతా ఖాతాదారే భరించాలి. సంఘం లెక్కలు చూసేవారిలో ఈ కవరు చీటీ అలవాటు ఎక్కువ కాబట్టి చెబుతున్నాను. మీకు ఉందని కాదు.

ఇక మీరడిగిన అసలు సంగతి. బ్లాక్ చేయిస్తే జాడ తెలియదన్నది నిజం కాదు. ఈ ఒక్క అపోహ వల్లనే ఎందరో నెలల తరబడి ఫిర్యాదు చేయకుండా కూర్చుంటారు గనుక, లోపల ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెబుతాను. ప్రతి మొబైల్ ఫోనుకు తయారైనప్పుడే 15 అంకెల ఐఎంఈఐ నంబరు ఇస్తారు; రెండు సిమ్ములు పట్టే ఫోనుకు ఇలాంటివి రెండు ఉంటాయి. బండి భాషలో చెప్పాలంటే సిమ్ము నంబరు ప్లేటు వంటిది, ఐఎంఈఐ ఛాసిస్ మీద కొట్టిన నంబరు వంటిది. ఫోనులో ఎవరు ఏ సిమ్ము వేసి ఆన్ చేసినా, అది నెట్‌వర్కులో చేరే సమయంలో సిమ్ము వివరంతో పాటు ఈ నంబరు కూడా కంపెనీకి తెలుస్తుంది. కేంద్ర టెలికాం శాఖ నడిపే సీఈఐఆర్ అనే కేంద్రీయ రిజిస్టరులో మీ నంబరు బ్లాక్ అయిందని నమోదైతే, ఆ సమాచారం దేశంలోని అన్ని మొబైల్ కంపెనీలకూ వెళుతుంది. అప్పటి నుంచి ఆ ఫోనులో ఏ కంపెనీ సిమ్ము వేసినా సేవలు అందవు. అయితే సేవలు అందకపోయినా, ఫలానా ఫోనులో ఫలానా నంబరు సిమ్ము వేశారన్న సంగతి నమోదవుతుంది, ఆ సమాచారం మీరు ఫిర్యాదు ఇచ్చిన పోలీసు స్టేషన్‌కు చేరుతుంది. ఆ సిమ్ము ఎవరి పేరు మీద ఉందో కంపెనీ దగ్గర ఉంటుంది. పోలీసులు ఫోనును పట్టుకునే దారి ఇదే. కాబట్టి మీ పక్కింటాయన చెప్పినదానికి పూర్తిగా వ్యతిరేకంగా, బ్లాక్ చేయించకపోతేనే మీ ఫోను ఎవరి చేతిలోనైనా హాయిగా పనిచేస్తూ ఉంటుంది, ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఈ పద్ధతికి హద్దులూ ఉన్నాయి. ఫోనును విప్పి డిస్‌ప్లే, బ్యాటరీ, కెమెరా విడివిడిగా అమ్మేస్తే సిమ్ము వేసే ప్రసక్తే ఉండదు. సిమ్ము లేకుండా వైఫై మీద మాత్రమే వాడుకున్నా ఈ రిజిస్టరుకు తెలియదు. దేశం దాటిపోతే మన కంపెనీల పట్టు ఉండదు. ఐఎంఈఐని మార్చే ముఠాలూ ఉన్నాయి; 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం దానికి మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టింది గాని, చట్టం ఉన్నంత మాత్రాన ఆ పని ఆగిపోయిందని చెప్పలేం. ఇవన్నీ తీసేసినా, సెకండ్ హ్యాండులో అమ్ముడుపోయి ఏ ఊళ్లోనో ఒక మామూలు మనిషి జేబులో తిరిగే ఫోనులు చాలా ఉంటాయి, తిరిగి దొరికేవి ఎక్కువగా అవే. తెలంగాణ పోలీసులు 2023 ఏప్రిల్ నుంచి ఈ రిజిస్టరును వాడుతున్నారు. ఆ మరుసటి నెలలో అది దేశమంతటికీ అందుబాటులోకి వచ్చింది. వరంగల్ కమిషనరేట్‌లో పోలీసు అధికారులు వరసగా ఫోనులు పేర్చి యజమానులను పిలిచి అప్పగించే ఫోటోలు పత్రికల్లో మీరూ చూసి ఉంటారు.

ఇందుకు మీ దగ్గర ఉండవలసిన మొదటి వస్తువు ఆ 15 అంకెలు. ఫోను చేతిలో ఉంటే *#06# నొక్కి చూసుకోవచ్చు. లేదు కనుక ఫోను వచ్చిన డబ్బా వెతకండి. డబ్బా పక్క భాగంలో గీతల గీతల బార్‌కోడుల స్టిక్కరు ఒకటి ఉంటుంది, వాటి కింద ఐఎంఈఐ 1, ఐఎంఈఐ 2 అని రెండు నంబర్లు అచ్చై ఉంటాయి. చాలావరకు రెండింటి చివరి అంకెలే వేరుగా ఉంటాయి కాబట్టి ఒకటే నంబరును రెండుసార్లు రాశారేమో అనిపిస్తుంది. అది పొరపాటు కాదు, రెండూ అవసరమే. ఇంట్లో పాత ఫోనుల డబ్బాలు నాలుగైదు పోగుపడి ఉంటే, డబ్బా మీది మోడల్ పేరు, రంగు మీ ఫోనువేనా అని సరిచూసుకోండి, ఎందుకంటే తప్పు డబ్బా చూసి నంబరు ఇస్తే మీ అబ్బాయి చేతిలోని ఫోనే బ్లాక్ కావచ్చు. డబ్బా దొరకకపోయినా దిగులు పడనక్కరలేదు: మీరు కిస్తీల మీద కొన్నారు కనుక, అప్పు ఇచ్చిన కంపెనీ కాగితాల్లోనూ దుకాణం బిల్లులోనూ ఆ నంబరు ఉంటుంది, దుకాణానికి వెళ్లి అడిగితే బిల్లు ప్రతి మళ్లీ తీసిస్తారు. మీ అబ్బాయి జాడ చూసిన గూగుల్ ఫైండ్ హబ్‌లో కూడా ఫోను వివరాల దగ్గర ఐఎంఈఐ కనిపిస్తుంది. అన్నట్టు, ఫోను పోయిందని కిస్తీలు ఆపకండి; అప్పుకూ దొంగతనానికీ సంబంధం లేదు, ఆపితే వడ్డీతో పాటు సిబిల్ స్కోరు కూడా దెబ్బతింటుంది.

రెండవది పోలీసు ఫిర్యాదు. ఈ విషయంలో మీకు జరిగినది న్యాయం కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా సరే, ఏ పోలీసు స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. పరిధి తమది కాకపోతే జీరో ఎఫ్ఐఆర్‌గా నమోదు చేసి సంబంధిత స్టేషన్‌కు పంపాలి. సంచికి గాటు పడింది హన్మకొండ బస్టాండులోనా, ఆత్మకూరు దాకా వచ్చేలోపు బస్సులోనా అన్నది మీరు తేల్చి చెప్పవలసిన విషయం కాదు. చివరిసారి ఎక్కడ ఫోను మాట్లాడారో, ఎక్కడ లేదని గమనించారో ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు. నమోదు చేశాక ఎఫ్ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇవ్వాలని కూడా అదే సెక్షను చెబుతోంది. స్టేషన్‌లో తీసుకోకపోతే ఆ సమాచారాన్ని లిఖితపూర్వకంగా పై అధికారికి, అంటే ములుగులో జిల్లా ఎస్పీకి గాని, వరంగల్‌లో పోలీసు కమిషనర్‌కు గాని పోస్టులో పంపుకోవచ్చు. ఈ సంగతి మర్యాదగా ప్రస్తావిస్తే చాలాసార్లు పోస్టు దాకా వెళ్లవలసిన అవసరం రాదు.

పోగొట్టుకున్నానని రాసివ్వమన్నారని మీరు చెప్పారు. దీని మీద నా అభిప్రాయం కొంచెం విడమరచి చెప్పాలి. ఎక్కడ పెట్టి మరచిపోయామో తెలియనప్పుడు అలా రాయడంలో తప్పు లేదు, మీసేవ కేంద్రంలో కూడా అటువంటి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీ సంచికి బ్లేడు గాటు ఉంది, అది దొంగతనమే. భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షను కింద దొంగతనానికి మూడేళ్ల దాకా శిక్ష ఉండగా, ప్రయాణికులను చేరవేసే వాహనంలోంచి వస్తువును దొంగిలిస్తే 305వ సెక్షను కింద అది ఏడేళ్ల దాకా పెరుగుతుంది. పోగొట్టుకున్నానని రాసిస్తే ఆ నేరం లెక్కలోకే రాదు, అదే బస్టాండులో అదే పని చేసేవాళ్ల జోలికి ఎవరూ పోరు. అయితే మీకు తెలియవలసిన చిక్కు ఒకటుంది. ఎఫ్ఐఆర్ అయి, ఫోను దొంగ దగ్గర దొరికితే అది కేసు సొత్తు అవుతుంది, దానిని కోర్టు ద్వారా విడిపించుకోవలసి వస్తుంది, కొంత ఆలస్యం తప్పదు. మామూలు దరఖాస్తు మీద దొరికిన ఫోనును స్టేషన్‌లోనే సంతకం పెట్టించుకొని ఇచ్చేస్తారు. మిమ్మల్ని అలా రాయమన్నవారు బహుశా ఆ సౌకర్యాన్ని చూసే అని ఉండవచ్చు. నిర్ణయం మీదే గాని, ఆ సంచి మాత్రం కుట్టించకండి, పారవేయకండి. ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్లేటప్పుడు దానిని వెంట తీసుకుపోయి చూపించండి. ఏ దారిలో వెళ్లినా సీఈఐఆర్‌లో నమోదుకు అడ్డు ఉండదు, పోలీసు ముద్ర ఉన్న ఫిర్యాదు ప్రతి, దాని నంబరు ఉంటే సరిపోతుంది.

ఫిర్యాదులో ఇంకొక మాట తప్పక రాయండి. ఫోను మీ పేరున కొన్నది, సిమ్ము అన్నగారి పేరున ఉంది. ఈ రెండూ వేరు వేరు పేర్లని మొదటే స్పష్టం చేస్తే తర్వాత ఫోను అప్పగించేటప్పుడు ఎవరిదన్న ప్రశ్న రాదు. డూప్లికేట్ సిమ్మును మాత్రం ఎవరి పేరున ఉందో వారికే ఇస్తారు. మీ అన్నగారు హైదరాబాదులోనే ఆ కంపెనీ కార్యాలయానికి తన ఆధార్‌తో వెళ్లి తీసుకొని మీకు పంపించవచ్చు, అందుకోసం వరంగల్ దాకా రానక్కరలేదు. కొత్త సిమ్ము పనిచేయడం మొదలైన తర్వాత 24 గంటల పాటు దానికి ఎస్ఎంఎస్‌లు రావు. భద్రత కోసం పెట్టిన నియమం అది. ఇది తెలియక సిమ్ము రాగానే సీఈఐఆర్ ఫారం తెరిచి, ఓటీపీ రావడం లేదని నెట్ సెంటరులో గంటల తరబడి కూర్చునేవారు ఉన్నారు. ఒక రోజు ఆగి మొదలు పెట్టండి. ఈ హడావిడి తీరాక ఆ నంబరును మీ పేరు మీదికి మార్చుకునే వీలు ఉందేమో అదే కార్యాలయంలో అడిగి చూడండి.

ఆ సీఈఐఆర్ ఫారం టెలికాం శాఖవారి సంచార్ సాథీ వెబ్‌సైటులోనూ, 2025 జనవరిలో వచ్చిన అదే పేరుగల యాప్‌లోనూ ఉంటుంది. పోయిన మొబైల్ నంబరు, రెండు ఐఎంఈఐలు, కంపెనీ, మోడల్ రాసి బిల్లు ఉంటే జతచేయాలి. పోయిన చోటు, తేదీ, రాష్ట్రం, జిల్లా, పోలీసు స్టేషన్, ఫిర్యాదు నంబరు రాసి ఫిర్యాదు ప్రతిని జతచేయాలి. చివర మీ పేరు, చిరునామా, గుర్తింపు కార్డు, ఓటీపీ కోసం ఒక మొబైల్ నంబరు ఇవ్వాలి. పోలీసు స్టేషన్ పేరు దగ్గర తొందరపడకండి. జాబితాలో మీరు ఎంచుకున్న స్టేషనుకే తర్వాత జాడ సమాచారం వెళుతుంది కనుక, ఫిర్యాదు ఇచ్చిన స్టేషనే అక్కడ ఉండాలి. అంతా పూర్తయ్యాక ఒక రిక్వెస్ట్ ఐడీ వస్తుంది. దానిని ఫోనులో మాత్రమే దాచుకోకుండా కాగితం మీద రాసి డబ్బాలో పెట్టుకోండి, ఎందుకంటే ఫోను దొరికిన రోజు దానిని మళ్లీ పని చేయించడానికి కావలసింది అదే. బ్లాక్ కావడానికి మామూలుగా ఒక రోజు పడుతుంది. కంప్యూటరు పని మీకు అలవాటు లేకపోతే స్టేషన్‌లోనే ఈ వివరాలు ఎక్కించమని అడగవచ్చు.

మొబైల్ షాపు అతనికి డబ్బులు ఇవ్వకండి. ఏ ఫోను ఏ టవరు కింద ఉందో తెలిసేది మొబైల్ కంపెనీలకు, చట్టప్రకారం అడిగే అధికారం ఉన్న పోలీసుల వంటి సంస్థలకు. బయటివారికి ఆ సమాచారం అందే దారి లేదు. ఐఎంఈఐ కొట్టగానే ఫోను పేరు, మోడల్ చూపించే వెబ్‌సైట్లు ఉన్నాయి, వాటిని చూసి జనం నమ్ముతారు. నిజానికి మొదటి ఎనిమిది అంకెలు ఆ మోడల్‌ను సూచించేవే కనుక అది చెప్పడం ఏమీ గొప్ప కాదు. అతడు మీ జీమెయిల్ పాస్‌వర్డు కూడా అడిగి ఉంటే పదిహేను వందలు పోవడం చిన్న నష్టమే.

మీ అబ్బాయి ఆత్రం అర్థం చేసుకోదగినదే గాని, ఆ వీధికి పోనివ్వకండి. ఫైండ్ హబ్ చూపించేది చివరిసారి ఫోను ఆన్‌లో ఉన్నప్పటి స్థానం. అది ఆరు రోజుల కిందటిది కావచ్చు. పైగా చుక్క చుట్టూ వృత్తం ఉంటే, ఆ వృత్తం లోపల ఎక్కడైనా ఉండవచ్చని అర్థం. వరంగల్‌లో పాత వీధుల్లో అంత మేరలో ఎన్ని ఇళ్లు, ఎన్ని దుకాణాలు ఉంటాయో మీకు తెలుసు. ఏ పాపం ఎరుగని ఇంటి మీదికి పోయి దొంగలని అడిగితే గొడవ మీ మీదికే వస్తుంది. నిజంగా అక్కడే ఉంటే, మీరు వచ్చిన సంగతి తెలియగానే ఫోను ఆ ఊరు దాటిపోతుంది. తేదీ, సమయం కనిపించేలా ఆ తెరను ఫోటో తీసి, ప్రింటు తీయించి ఫిర్యాదుకు జతచేయండి. ఆ తర్వాత అదే ఫైండ్ హబ్ నుంచి ఫోనుకు తాళం వేయమని ఆదేశం ఇచ్చి, తెర మీద కనిపించేలా మీ అబ్బాయి నంబరును పెట్టండి.

అక్కడే ఫోనులోని సమాచారాన్ని పూర్తిగా చెరిపివేసే ఆదేశం కూడా ఉంటుంది. దానిని నొక్కిన తర్వాత ఆ ఫోను ఫైండ్ హబ్‌లో మళ్లీ కనిపించదు కనుక చాలామంది వెనకాడతారు. మీ విషయంలో నేనైతే చెరిపివేయమనే అంటాను. సంఘం లెక్కలు చూసేవారి ఫోనులో సభ్యుల ఆధార్ కార్డుల, పాసుపుస్తకాల ఫోటోలు ఉండక తప్పదు. అవి మీ ఒక్కరివి కావు. అటుపక్క ఆ చుక్క ఎలాగూ పాతబడిపోయింది, సీఈఐఆర్‌కు దానితో పని లేదు. చెరపడానికి ముందు, గూగుల్ ఫోటోస్‌లో మీ ఫోటోలు భద్రంగా ఉన్నాయేమో మీ అబ్బాయిని చూడమనండి. ఆదేశం ఇచ్చినప్పుడు ఫోను ఆఫ్‌లో ఉంటే, అది మళ్లీ ఇంటర్నెట్‌కు కలిసినప్పుడు అమలవుతుంది. చెరిపివేసినా మీ జీమెయిల్ పాస్‌వర్డు లేకుండా దానిని కొత్త ఫోనులా వాడుకోవడం కష్టం; కాబట్టి ఆ పాస్‌వర్డు ఎవరు అడిగినా ఇవ్వకండి. మీ ఫోను దొరికింది, తాళం నంబరు చెప్పండి, లేదా ఈ లింకు నొక్కండి అని వచ్చే సందేశాలన్నీ అందుకోసం వేసే వలలే. అటువంటి ఫోను వస్తే స్టేషన్‌లో మాట్లాడతానని చెప్పి పెట్టేయండి.

కొత్త సిమ్ము చేతికి రాగానే ఇంట్లో ఉన్న ఏ ఫోనులోనైనా వేసి వాట్సాప్ నమోదు చేసుకుంటే పాత ఫోనులో అది దానంతట అదే ఆగిపోతుంది. ఎవరైనా ఈలోపు దానికి కొత్త పిన్ను పెట్టి ఉంటే ఏడు రోజులు ఆగవలసి వస్తుంది. అప్పటిదాకా మీ పేరుతో డబ్బు అడుగుతూ సందేశం వస్తే పంపవద్దని సంఘం సభ్యులందరికీ నోటితోనే చెప్పండి, వీలైతే వచ్చే సమావేశందాకా ఆగకుండా ఇవాళే.

ఇవన్నీ చేశాక మిగిలేది ఎదురుచూడటం. కొన్ని వారాల్లో దొరికిన ఫోనులూ ఉన్నాయి, ఏడాది దాటాక దొరికినవీ ఉన్నాయి; ఎవరో సిమ్ము వేసేదాకా ఏమీ తెలియదు. మీకు జాడ దొరికినట్టు ఎస్ఎంఎస్ వస్తే, ఫిర్యాదు ప్రతి తీసుకొని స్టేషన్‌కు వెళ్లి ఆ సంగతి గుర్తు చేయండి. వాళ్ల దగ్గర ఇలాంటివి చాలా ఉంటాయి కాబట్టి, అడిగేవారిది ముందు కదులుతుందని వేరే చెప్పనక్కరలేదు. ఫోను ఎవరి దగ్గర దొరుకుతుందో ఆ మనిషి దొంగ కానక్కరలేదు, ఎక్కువసార్లు తక్కువ ధరకు వస్తోందని బిల్లు అడగకుండా కొన్నవాడే ఉంటాడు. పోలీసులు పిలిచినప్పుడు స్వయంగా తెచ్చి ఇచ్చేవారు, దూరప్రాంతమైతే కొరియరులో పంపేవారు ఉంటారు. దొంగసొత్తు అని తెలిసీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద మూడేళ్ల దాకా శిక్ష ఉంది కనుక, వారికీ ఇచ్చివేయడమే మేలు. ఈలోపు మీరే సెకండ్ హ్యాండు ఫోను కొనాలనుకుంటే, బేరం కుదిరే ముందే దాని ఐఎంఈఐ చూసి, ఇంగ్లీషు అక్షరాల్లో కేవైఎం అని రాసి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు చేర్చి 14422కు ఎస్ఎంఎస్ పంపండి. బ్లాక్ అయినదో కాదో జవాబు వస్తుంది. ఇంకొకరి ఉత్తరంలో పోయిన ఫోను మీ చేతికి రావద్దు కదా.

ఫోను అప్పగించినప్పుడు రుసుము అంటూ ఏదీ ఉండదు. స్టేషన్‌లోనే *#06# నొక్కి, డబ్బా మీది నంబర్లతో సరిచూసుకొని సంతకం పెట్టండి. ఆ తర్వాత సంచార్ సాథీలో రిక్వెస్ట్ ఐడీ ఇచ్చి, ఫోను దొరికిందని కారణం రాసి బ్లాక్ తీయించండి. అది తీసేదాకా మీ సిమ్ము వేసినా పని చేయదు, ఫోను పాడైందని అనుకోవద్దు. మధ్యలో ఎవరెవరు వాడారో, ఏమేం యాప్‌లు ఎక్కించారో తెలియదు కాబట్టి, దానిని ఒకసారి పూర్తిగా రీసెట్ చేసి, అప్పుడు మీ జీమెయిల్, ఆ తర్వాతనే బ్యాంకు యాప్‌లు పెట్టుకోండి. సిమ్ముకు కూడా ఒక పిన్ను పెట్టించండి. సెట్టింగుల్లో సిమ్ లాక్ అని ఉంటుంది, మీ కంపెనీ మొదట ఇచ్చిన పిన్ను ఏమిటో అడిగి తెలుసుకున్నాకే మార్చండి, ఎందుకంటే మూడుసార్లు తప్పు కొడితే సిమ్ము బిగుసుకుపోయి మళ్లీ మీ అన్నగారి దాకా వెళ్లవలసి వస్తుంది.